లేచి నీళ్ళు తాగి వచ్చేలోపు నా చోట్లో పిల్లి. ఎందుకిలా?

జున్ను_వాళ్ళమ్మ
రోజూ జరుగుతోంది, అందుకే అడుగుతున్నాను. మాది విజయవాడ. జున్ను మూడేళ్ళ మగపిల్లి, ఆపరేషన్ కూడా అయింది. వాడి కోసం పన్నెండు వందలు పెట్టి మెత్తటి పడక కొన్నాను. అందులో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. రాత్రి రెండింటికి నేను లేచి, వంటింట్లో గ్లాసు నీళ్ళు తాగి వస్తాను. రెండు నిమిషాలు కూడా పట్టదు. వచ్చేసరికి పరుపు మీద సరిగ్గా నా నడుము ఆనిన గుంటలో చుట్ట చుట్టుకుని ఉంటాడు. మంచం మీద బోలెడు చోటుంది. మావారి వైపు వెళ్ళడు, కాళ్ళ దగ్గర ఖాళీలో పడుకోడు. నేను పడుకున్న చోటే కావాలి. జరపబోతే ఒళ్ళు వదిలేసి బియ్యం బస్తా అంత బరువైపోతాడు. నిన్న మంచం అంచున పడుకుంటే పొద్దున్నకి మెడ పట్టేసింది. "నెత్తికెక్కించుకున్నావు" అంటున్నారు మా అత్తగారు. వాడిని తిట్టడం, కొట్టడం నాకు ఇష్టం లేదు. కారణం తెలుసుకోవాలని ఉంది. అసలు వాడి బుర్రలో ఏం నడుస్తోంది?

రాజమండ్రి_రవి
పెత్తనం. ఈ ఇల్లు తనది, మంచం తనది, మీరు అద్దెకున్నవాళ్ళు అని చెప్తోంది. మీరు అంచుకు జరిగిన ప్రతిసారీ తన మాటే నెగ్గిందని నేర్చుకుంటుంది. రెండు వారాలు పడకగది తలుపు వేసేయండి, దారికొస్తుంది.

జున్ను_వాళ్ళమ్మ
తలుపు వేసి చూశాను రవి గారూ. రెండింటి నుంచి ఐదింటి దాకా తలుపు గీకుతూనే ఉన్నాడు. ఆ అరుపులకు పై వాటా వాళ్ళు పొద్దున్నే వచ్చి పిల్లికి బాగాలేదా అని అడిగారు.

కాజీపేట_సత్య
మా ఇంట్లోనూ ఇదే కథ. నాది రైల్వేలో నైట్ డ్యూటీ. పగలంతా పడుకుని సాయంత్రం ఆరింటికి లేస్తాను. నేను ముఖం కడుక్కుంటుండగానే మా మిర్చి నా చోట్లో సెటిల్ అయిపోతుంది. పొద్దున నేను వచ్చేదాకా అక్కడే. మా ఆవిడ అదే మంచం మీద అవతలి పక్క పడుకుంటుంది, ఆ పక్కకు వెళ్ళదు. తెల్లారి బండి చప్పుడు వినిపించగానే దిగి గుమ్మం దగ్గరకు వస్తుందట. ఇది పెత్తనమైతే నేను రాగానే దిగడం ఎందుకు?

మూగజీవాల_డాక్టరు
నేను పశువైద్యుడిని, నెల్లూరులో ప్రాక్టీసు. రోజూ నలుగురైదుగురు పిల్లుల వాళ్ళు వస్తారు. ఈ ప్రశ్న వారానికి ఒక్కసారైనా వింటాను.

ముందు వేడి సంగతి చెప్తాను. మన ఒంటి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. పిల్లిది 38 నుంచి 39 మధ్య. చుట్టూ గాలి 30 నుంచి 38 డిగ్రీల దాకా ఉంటే పిల్లి తన ఒంటి వేడి నిలుపుకోవడానికి కష్టపడక్కర్లేదు. అంతకంటే తగ్గితే ఒళ్ళు కొంత శక్తి ఖర్చు పెట్టాలి. అంటే 25, 26 డిగ్రీల్లో మనకు హాయిగా ఉన్న గది దానికి కాస్త చల్లటి గది. ఇక రోజుకు 12 నుంచి 16 గంటలు పడుకునే జీవి. అంతసేపు పడుకోవడానికి ఎక్కడ వెచ్చగా ఉందో వెతకడం దాని పెద్ద పని.

మీరు లేవగానే ఆ ఇంట్లో అన్నిటికంటే వెచ్చటి చోటు ఏది? మీ నడుము గుంట. దుప్పటి కింద గంటల తరబడి మీ వేడి పట్టి ఉంటుంది, పైగా గుండ్రంగా అణిగి ఉంటుంది. పక్క ఖాళీలో పడుకుంటే ఆ చోటంతా తన ఒంటితో వేడెక్కించుకోవాలి. తయారుగా ఉన్నదాన్ని వదిలి అక్కడికెందుకు వెళ్తుంది?

రవి గారి మాట మీద ఒకటి. పిల్లులు మనుషుల మీద పెత్తనం కోసం పడక ఆక్రమిస్తాయనడానికి ఆధారం లేదు. చోటు కోసం దెబ్బలాడే పిల్లి ఎలా ఉంటుందో చూసే ఉంటారు: చెవులు వెనక్కి వాలుస్తుంది, బుస కొడుతుంది, తోక విసురుతుంది. ఒళ్ళు వదిలేసి బస్తాలా పడుకున్న పిల్లికి ఆ గొడవే లేదు.

రాజమండ్రి_రవి
డాక్టర్ గారూ, ఒక్క సందేహం. విజయవాడలో వేడికి కొదవా? అక్కడ కూడా వెచ్చదనం వెతుక్కోవాలా?

జున్ను_వాళ్ళమ్మ
ఇప్పుడు జనవరి కదండీ. మే నెలలో వీడు మంచం మొహం చూడడు. స్నానాల గదిలో గచ్చు మీద చేతులు కాళ్ళు బారజాపి పడుకుంటాడు, లేదంటే మంచినీళ్ళ బిందె పక్కన. ఆగండి, ఇప్పుడే గుర్తొచ్చింది. కిందటి మే నెలలో రాత్రి ఏసీ వేసుకున్నప్పుడు మాత్రం మళ్ళీ నా చోట్లోకి వచ్చేవాడు. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

మూగజీవాల_డాక్టరు
చూశారా, సమాధానం జున్నే చెప్పాడు.

పాతపెంకుటిల్లు
నాకు అరవై ఎనిమిది. మా ఊరు అమలాపురం దగ్గర. చిన్నప్పుడు మా ఇంట్లో కట్టెల పొయ్యి. రాత్రి వంటయ్యాక నిప్పులు ఆరి బూడిద గోరువెచ్చగా ఉండేది, పిల్లి పోయి అందులో పడుకునేది. తెల్లారి మా అమ్మ పొయ్యి వెలిగించడానికి వెళ్తూ ముందు దాన్ని లేపేది. ఒళ్ళంతా బూడిదతో బయటికొచ్చి విదిలించుకునేది. మన భాషలో "వాళ్ళింట పొయ్యిలో పిల్లి లేవలేదు" అనే మాట దాన్నుంచే వచ్చింది. పొయ్యి వెలిగిస్తే పిల్లి లేవాలి. లేవలేదంటే ఆ పూట వంట లేదు, ఆ ఇంట్లో పస్తు అని. ఆ మాట అన్నప్పుడల్లా మనకు లేమి గుర్తొస్తుంది గానీ, అందులో పిల్లి అలవాటు కూడా ఉంది.

ఇప్పుడు గ్యాస్ పొయ్యిలు, ఇండక్షన్ స్టవ్‌లు. బూడిద లేదు. మరి పిల్లి ఎక్కడికి పోవాలి తల్లీ? నీ పడకే దాని పొయ్యి.

మూడుపిల్లుల_ముచ్చట
ఈ మాట రోజూ వాడతాను, ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. నమస్కారం పెద్దాయనా.

న్యూజెర్సీ_నాని
మా దగ్గర బయట మంచు. మా పిల్లి పగలు హీటర్ గాలి వచ్చే జాలీ మీద, లేకపోతే వైఫై డబ్బా మీద. బట్టలు ఆరబెట్టే మెషీన్ ఆగిన చప్పుడు వినిపిస్తే చాలు, ఎక్కడున్నా పరుగున వచ్చి వేడి బట్టల బుట్టలో దూకుతుంది. రాత్రి మాత్రం నా దిండు. నా తలని మెల్లగా పక్కకు నెడుతుంది. తల నుంచి వేడి వస్తుందనేమో.

మరో మాట, అందరూ గుర్తుపెట్టుకోండి: బట్టల మెషీన్ వేసేముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. మాది ఒకసారి తడి బట్టల కింద దాక్కుంది. చూశాం కాబట్టి సరిపోయింది.

నిద్రలేని_నరేష్
వేడి ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. నేను ఆఫీసుకు పోయాక మధ్యాహ్నం ఒంటిగంటకి కెమెరాలో చూస్తే నా దిండు మీదే ఉంటుంది. నేను లేచి ఐదు గంటలైంది. ఆ దిండుకి ఇంకా వేడి ఉంటుందా? పక్కనే మా ఆవిడ దిండు ఉంది, అదే దూది, అదే గలీబు.

కాజీపేట_సత్య
మిర్చి కూడా రాత్రంతా నా పక్కే అన్నాను కదా. నరేష్ అన్న చెప్పింది నిజం, ఇంకేదో ఉంది.

మూగజీవాల_డాక్టరు
ఉంది, వాసన. పిల్లికి బుగ్గల దగ్గర, గడ్డం కింద, నుదుటి మీద, అరికాళ్ళలో, తోక మొదట్లో వాసన గ్రంథులుంటాయి. మీ కాలికి, తలుపు అంచుకి బుగ్గ రుద్దుతుంది చూడండి, అది వాసన అంటించడం. తన వాసన, మీ వాసన కలిసిన చోటు దానికి తెలిసిన చోటు. అక్కడ భయం ఉండదు. రోజుకు ఏడెనిమిది గంటలు మీ చెమట, మీ జుట్టు నూనె పట్టే వస్తువు ఇంట్లో ఇంకొకటి లేదు, మీ దిండు తప్ప.

2025లో టోక్యో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు 30 పిల్లులకు మనుషుల వాసన పట్టిన గొట్టాలు ఇచ్చి చూశారు. తెలియని మనిషి వాసనని ఎక్కువసేపు మూచూశాయి, యజమాని వాసనని తక్కువసేపు. అంటే తేడా తెలుస్తోంది, తెలిసినదాన్ని మళ్ళీ మళ్ళీ పరీక్షించక్కర్లేదు.

హాస్టల్_తమ్ముడి_అక్క
వాసన అన్నారు కాబట్టి మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా తమ్ముడు ఇంజినీరింగ్ హాస్టల్‌కి వెళ్ళాడు, వరంగల్. మా పిల్లి చుక్కకి వాడంటే ప్రాణం. వాడు వెళ్ళిన రోజు నుంచి వాడి నవారు మంచం మీదే పడుకునేది. ఆ గదిలో ఫ్యాన్ లేదు, మనిషి లేడు, మంచం చల్లగా ఉండేది. అయినా అక్కడే. దిండు కింద మూతి దూర్చుకుని పడుకునేది. పదిహేను రోజుల తర్వాత అమ్మ గది సర్దుతూ దుప్పటి, గలీబు, బొంత అన్నీ ఉతికేసింది. ఆ రాత్రి చుక్క మంచమెక్కి, అటూ ఇటూ తిరిగి, వాసన చూసి, దిగిపోయింది. మళ్ళీ ఆ మంచం ఎక్కలేదు.

అమ్మ చాలా బాధపడింది. "ఉతక్కుండా ఉంచాల్సింది" అని రెండు రోజులు అదే మాట. దసరాకి వాడొచ్చి రెండు రాత్రులు పడుకున్నాడు. వాడు వెళ్ళాక చుక్క మళ్ళీ మంచమెక్కింది. ఈసారి అమ్మ దుప్పటి ముట్టుకోలేదు.

జున్ను_వాళ్ళమ్మ
ఇది చదివి కళ్ళు తడిశాయి. వాడు కూడా నా చోటే ఎందుకు ఎంచుకుంటాడో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. మూడేళ్ళ కిందట వర్షంలో మా అపార్ట్‌మెంట్ కాలవ దగ్గర దొరికాడు, కళ్ళు కూడా సరిగా తెరవలేదు. పది రోజులు నా నైటీలో చుట్టి, గంట గంటకీ సిరంజితో పాలపొడి పట్టాను.

రాజమండ్రి_రవి
పెత్తనం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తమ్ముడి మంచం కథ విన్నాక ఇంకా అదే పట్టుకుని వాదించడం బాగుండదు. కానీ మనిషికి నిద్ర కావాలి కదా? మెడ పట్టేసిన ఆవిడకి కారణం తెలిస్తే మెడ తగ్గదు. దారేమిటి?

మూగజీవాల_డాక్టరు
దారి చెప్తాను. ముందు ఒక తప్పు ఆపాలి. రాత్రి రెండింటికి పిల్లిని విసురుగా నెట్టకండి, నీళ్ళు చల్లకండి. అది నేర్చుకునేది "చీకట్లో ఈ మనిషి దగ్గర భయం" అని మాత్రమే. రెండు చేతులా ఎత్తి, పక్కన అంతే వెచ్చగా, మీ వాసనతో ఉన్న చోట్లో పెట్టండి. అలాంటి చోటు ముందుగా తయారుగా ఉండాలి. నేల మీద కాదు, మంచం ఎత్తుకు సమానంగా. పడుకునేటప్పుడు పిల్లికి ఎత్తు కావాలి, అక్కడి నుంచి గది కనిపించాలి.

మూడుపిల్లుల_ముచ్చట
ఎత్తు అన్నారు చూడండి, అది వంద శాతం నిజం. మా ముగ్గురికీ బీరువా పైన చోటంటే పిచ్చి. గొడవ లేకుండా వంతులేసుకుంటారు. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా పెద్దది, మధ్యాహ్నం నల్లది, సాయంత్రం చిన్నది. గడియారం ఎవరు చూపించారో! నా మంచం మీద కూడా అంతే: ఒకటి దిగితే గాని ఇంకోటి ఎక్కదు.

ఒక అనుమానం. మావి నెలకో రెండు నెలలకో చోటు మార్చేస్తాయి. సంక్రాంతి దాకా నా దిండు, ఇప్పుడు ఉన్నట్టుండి బట్టల అలమర. అలిగాయా?

పాతపెంకుటిల్లు
అలక కాదమ్మా. "పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు" అనలేదూ మనవాళ్ళు? తల్లిపిల్లి పిల్లల్ని నోట కరుచుకుని చోటు మారుస్తూనే ఉంటుంది. ఒకే చోట ఉంటే వాసన పట్టి కుక్కలు వస్తాయి, పురుగులు చేరతాయి. ఆ అలవాటు పెద్దయ్యాక కూడా పోదు.

మూగజీవాల_డాక్టరు
పెద్దాయన సరిగ్గా చెప్పారు. ఒకటి మాత్రం కలుపుతాను. వయసు మళ్ళిన పిల్లి, పది దాటింది, ఎప్పుడూ మంచమెక్కేది హఠాత్తుగా ఎక్కడం మానేస్తే అలవాటు మారిందని వదిలేయకండి. కీళ్ళ నొప్పి వల్ల దూకలేకపోవచ్చు. మంచం పక్కన చిన్న పీట వేసి చూడండి. పీట మీదుగా ఎక్కిందంటే ఇష్టం పోలేదు, శక్తి తగ్గింది. డాక్టర్‌కి చూపించండి. సొంతంగా నొప్పి మాత్రలు మాత్రం వద్దు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు చంపడానికి.

నిద్రలేని_నరేష్
నాది ఇంకో బాధ. మాది తెల్లవారుజామున నాలుగున్నరకి నా ఛాతీ మీద నిలబడి రెండు చేతులతో పిసుకుతుంది, చపాతీ పిండి కలిపినట్టు. గుర్రుగుర్రుమంటూ. లేస్తే వెంటనే నా చోట్లో పడుకుంటుంది. నన్ను లేపి నా చోటు కొట్టేయడానికే ఇదంతా అని మా ఆవిడ వాదన :)

మూగజీవాల_డాక్టరు
పిసకడం పసితనం నాటిది. పాలు తాగేటప్పుడు తల్లి పొట్టను అలా నొక్కితే పాలు దిగుతాయి. పెద్దయ్యాక హాయిగా ఉన్నప్పుడు అదే చేస్తుంది. ఇక నాలుగున్నర సంగతి: పిల్లులు తెల్లవారుజామున, సాయంసంధ్యలో చురుగ్గా ఉంటాయి, వేట సమయం అది. మీరు లేచి వెంటనే తిండి పెడుతున్నారా?

నిద్రలేని_నరేష్
పెడుతున్నాను. పెట్టకపోతే ఊరుకోదు.

మూగజీవాల_డాక్టరు
అదే లేపుతోంది. తిండిని మీరు లేవడానికి ముడిపెట్టకండి. రాత్రి పడుకునే ముందు పావుగంట బాగా పరుగెత్తించి ఆడించండి, ఆ తర్వాత కడుపునిండా పెట్టండి. వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర. ఆ వరసలో పడుకుంటుంది. పొద్దున లేచాక అరగంట ఆగి పెట్టండి. రెండు మూడు వారాలు గొడవ చేస్తుంది, ఓపిక పట్టాలి.

సిరి_తెనాలి
ఈ చర్చ చూసి అడుగుతున్నాను, చాలా టెన్షన్‌గా ఉంది. నాకు ఇప్పుడు నాలుగో నెల. మా బుల్లి ఐదేళ్ళుగా నా కాళ్ళ దగ్గర, ఈ మధ్య నా పొట్టకి ఆనుకుని పడుకుంటోంది. పిల్లి వల్ల కడుపులో బిడ్డకి ప్రమాదమని, ఎక్కడైనా వదిలేసి రమ్మని ఇంట్లో అందరూ అంటున్నారు. నిన్న మా మామగారు గోనెసంచి కూడా తెచ్చారు. ఏడుస్తూ దాచాను.

జున్ను_వాళ్ళమ్మ
సిరీ, ఏడవకు అమ్మా. డాక్టర్ గారు చెప్తారు, ఆగు.

మూగజీవాల_డాక్టరు
సిరి గారూ, మీ ఇంట్లో వాళ్ళకి ఇది చదివి వినిపించండి. వాళ్ళ భయం వెనక ఒక నిజమైన జబ్బు ఉంది, పేరు టాక్సోప్లాస్మోసిస్. గర్భంలో ఉన్న బిడ్డకి హాని చేయగలదు, అది కాదనను. కానీ అది పిల్లి పక్కన పడుకుంటే రాదు. ఎలుకలు, పచ్చిమాంసం తిని ఆ క్రిమి సోకిన పిల్లి మలంలో, సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు, ఆ క్రిమి గుడ్లు పడతాయి. ఆ మలం కూడా ఒకటి నుంచి ఐదు రోజులు నిలవుంటేనే అంటించే స్థితికి వస్తుంది. కాబట్టి మలం తొట్టె ప్రతిరోజూ శుభ్రం చేయాలి, ఆ పని మీరు కాకుండా ఇంట్లో ఇంకొకరు చేయాలి. బుల్లిని బయటికి వదలకండి, పచ్చిమాంసం పెట్టకండి. మీరు సరిగ్గా ఉడకని మాంసం తినకండి, కూరగాయలు, ఆకుకూరలు బాగా కడగండి, పెరటి మట్టిలో పనిచేస్తే గ్లవ్స్ వేసుకోండి. చాలామందికి ఇది మాంసం నుంచి, మట్టి నుంచి వస్తుంది. మీ గైనకాలజిస్టుతో చెప్పి, రక్తపరీక్ష అవసరమో లేదో ఆవిడనే అడగండి.

బిడ్డ పుట్టాక మాత్రం ఒకటి కచ్చితం. పసిబిడ్డ ఉయ్యాల్లో, పక్కలో పిల్లి పడుకోకూడదు. వెచ్చగా ఉంటుంది కాబట్టి తప్పకుండా వస్తుంది. చెడు ఉద్దేశం ఉండదు, కానీ మొహం పక్కన పడుకుంటే బిడ్డ తల తిప్పుకోలేదు. బిడ్డ పడుకునే గదికి ఇప్పటి నుంచే తలుపు వేసి అలవాటు చేయండి. బిడ్డ వచ్చిన రోజు మొదలుపెడితే ఆలస్యం.

సిరి_తెనాలి
మావారికి చదివి వినిపించాను. మలం తొట్టె తను చూసుకుంటానన్నారు. మామగారు ఇంకా ఏమీ అనలేదు. సంచి మాత్రం కనబడట్లేదు.

ఆయాసం_ఆనంద్
నేను ఎదురు మాట చెప్పాలి. నాకు ఆస్తమా. పిల్లి పడకలో ఉంటే రాత్రి ఈల వేసినట్టు ఊపిరి. బొచ్చు దువ్వాను, కత్తిరించాను, లాభం లేదు. ప్రేమ సంగతి సరే, అందరూ పక్కలో పెట్టుకోమని రాయకండి.

మూగజీవాల_డాక్టరు
ఆనంద్ గారు చెప్పింది ముఖ్యం. అలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు, పిల్లి లాలాజలంలో, చర్మం నూనెలో ఉండే ఒక ప్రోటీన్. నాక్కున్నప్పుడు ఒంటికి పట్టి, ఎండి, పొడిగా రాలుతుంది. బొచ్చు కత్తిరిస్తే అది పోదు. ఆస్తమా ఉన్నవాళ్ళకి పడకగది పిల్లి లేని గదిగా ఉండాల్సిందే. పగలు హాల్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, రాత్రి తలుపు వేయండి. దుప్పట్లు వారం వారం వేడినీళ్ళలో ఉతకండి.

కర్నూలు_కరీమ
రాత్రి పదకొండైంది, క్షమించండి. మా చాంద్ ఎప్పుడూ నా దిండు పక్కనే. రెండు రోజులుగా నా పడక మీదే ఉచ్చ పోస్తున్నాడు. ఇంతకుముందు ఒక్కసారి కూడా లేదు. కొత్త పరుపు, కోపం వచ్చి బయట వరండాలో కట్టేశాను. ఇది కూడా వాసన అంటించడమేనా? మగపిల్లి, నాలుగేళ్ళు.

మూగజీవాల_డాక్టరు
కరీమ గారూ, ఇప్పుడే వెళ్ళి చూసి చెప్పండి. ఎంత పోస్తున్నాడు? చుక్కలు చుక్కలుగానా? మళ్ళీ మళ్ళీ కూర్చుని ముక్కుతున్నాడా? కింద నాక్కుంటున్నాడా?

కర్నూలు_కరీమ
చుక్కలే. అరగంటలో నాలుగుసార్లు కూర్చున్నాడు. ఇప్పుడు అసలు రావట్లేదు. సాయంత్రం వాంతి చేసుకున్నాడు. అన్నం ముట్టలేదు.

మూగజీవాల_డాక్టరు
పొద్దున దాకా ఆగకండి. ఇది అలవాటు కాదు, మూత్రం దారి మూసుకుపోయింది అనిపిస్తోంది. మగపిల్లికి ఆ దారి చాలా సన్నం. విషం రక్తంలోకి ఎక్కి రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది, ఇప్పటికే రెండు రోజులైంది. రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి ఏదున్నా ఫోన్ చేసి, "మగపిల్లి, మూత్రం ఆగింది" అని చెప్పి బయల్దేరండి. పొట్ట నొక్కకండి.

జున్ను_వాళ్ళమ్మ
వెళ్ళండి కరీమ గారూ. పరుపు సంగతి తర్వాత.

రాజమండ్రి_రవి
మాకు తెలిసిన వాళ్ళు కర్నూలులో ఉన్నారు, ఆటో దొరక్కపోతే ఇక్కడ రాయండి, మెలకువగానే ఉంటాను.

కర్నూలు_కరీమ
బయల్దేరాం. మా అన్న బండి మీద.

జున్ను_వాళ్ళమ్మ
కరీమ గారి కబురు కోసం చూస్తూ, ఈ మూడు రాత్రులు నేను చేసింది రాస్తున్నాను. మొదటి రాత్రి మంచం చివర రెండు పెట్టాను: ఉతికిన తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ బ్యాగు ఒకటి, రెండు రోజులు కట్టుకున్న నా నూలు చీర ఇంకొకటి. జున్ను రెండూ వాసన చూసి, నేను నీళ్ళకి లేవగానే మామూలుగా నా గుంటలోకి. రెండో రాత్రి రెండూ కలిపాను. వేడినీళ్ళ బ్యాగు మీద అదే చీర మడత పెట్టి, అట్టపెట్టెలో వేసి, నా దిండు పక్కన స్టూలు మీద మంచం ఎత్తుకు పెట్టాను. నేను నీళ్ళు తాగి వచ్చేసరికి నా చోటు ఖాళీ! పెట్టెలో చీర పిసుకుతున్నాడు. నాలుగింటి దాకా అక్కడే. నాలుగింటికి బ్యాగు చల్లారినట్టుంది, వచ్చి నా మోచేతి కింద దూరాడు. మూడో రాత్రి కూడా అంతే. వేడి ఒక్కటే చాలలేదు, వాసన ఒక్కటే చాలలేదు, రెండూ కావాలి.

పాతపెంకుటిల్లు
బ్యాగు చల్లారుతుంది తల్లీ. బొంత కుట్టు. నాలుగు పాత నూలు చీరలు పొరలు పొరలుగా వేసి కుడితే ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. బీరువాలో అడుగున ఉన్నవి తీయి.

మూగజీవాల_డాక్టరు
బీరువా చీరలైతే రెండు జాగ్రత్తలు. వాటిలో కలరా ఉండలు వేసి ఉంటే ఆ మందు పిల్లికి విషం. బాగా ఉతికి రెండు మూడు రోజులు ఎండలో ఆరేయండి, వాసన పూర్తిగా పోవాలి. ఆ తర్వాత మీరు రెండు రాత్రులు దాని మీద పడుకోండి, మీ వాసన పడుతుంది. కుట్టేటప్పుడు దారం, సూది పిల్లికి అందనివ్వకండి. దారం మింగితే పేగులు ముడుచుకుపోతాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. వేడినీళ్ళ బ్యాగులో మరిగిన నీళ్ళు పోయకండి, మందపాటి గుడ్డ చుట్టండి.

న్యూజెర్సీ_నాని
ఇక్కడి నుంచి అమ్మకి ఫోన్ చేసి బొంత అడిగాను. ఏప్రిల్‌లో వచ్చేటప్పుడు తెస్తానంది. పిల్లికని చెప్పలేదు, ఇప్పుడు చెప్పాలి.

కాజీపేట_సత్య
మా మంచం గోడకి ఆనుకుని ఉంది, నా వైపు స్టూలు పట్టదు. కాళ్ళ దగ్గర పెడితే పనిచేస్తుందా?

జున్ను_వాళ్ళమ్మ
కాళ్ళ దగ్గర మొదటి రాత్రి వాడు పడుకోలేదు. కానీ అప్పుడు వేడి, వాసన విడివిడిగా పెట్టాను కదా. కలిపి చూడండి. కుదరకపోతే మంచం ఒక జానెడు జరపండి అన్నా.

కర్నూలు_కరీమ
మూడు రోజులుగా రాయలేకపోయాను. ఆ రాత్రి ఒంటిగంటకి గొట్టం వేశారు. ఇంకా ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. రెండు రోజులు సెలైన్ ఎక్కించి ఇవాళ మధ్యాహ్నం పంపారు. తన బాధ చెప్పుకోవడానికి నా పక్క దగ్గరికి వచ్చాడేమో, నేను వరండాలో కట్టేశాను. అది తలుచుకుంటే నాకు అన్నం సహించట్లేదు. నాక్కోకుండా మెడకి ప్లాస్టిక్ గరాటా తొడిగారు, దాంతో దూకలేక మంచం దగ్గర నిలబడి నావైపు చూశాడు. ఎత్తి పడుకోబెట్టాను. సరిగ్గా నా చోటే, నా దిండు మీద. నేను కింద చాప వేసుకున్నాను. ఇప్పుడు పడుకుని ఉన్నాడు, గుర్రుమని వినిపిస్తోంది.

మూగజీవాల_డాక్టరు
నీళ్ళు బాగా తాగాలి కరీమ గారూ. మంచం దగ్గర కూడా ఒక వెడల్పాటి గిన్నె పెట్టండి, గరాటా తగలకుండా. ఈ రెండు రోజులు ప్రతిసారీ ఎంత పోస్తున్నాడో చూసి రాసుకోండి.

కర్నూలు_కరీమ
పెట్టాను. ఇప్పుడే ఒకసారి తొట్టెలో పోశాడు, ధారగా.